మా విశ్వవిద్యాలయ బాస్కెట్‌బాల్ జట్ల గురించి వైస్ చాన్సలర్ గారికి, పాలక మండలికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైస్ చాన్సలర్ గారికి, రిజిస్ట్రార్ గారికి, పాలక మండలి సభ్యులకు,

నమస్కారం.

నేను మన విశ్వవిద్యాలయం మహిళల బాస్కెట్‌బాల్ జట్టులో ఆడాను. ఇప్పుడు ఒక ప్రభుత్వ హైస్కూల్లో పీఈటీగా పనిచేస్తున్నాను. నా దగ్గర ఆట మొదలుపెట్టిన పిల్లలు ఇంటర్ అయ్యాక ఎక్కువగా మన అనుబంధ కళాశాలల్లోనే డిగ్రీలో చేరతారు. వాళ్లలో కొందరు ఇప్పుడు మన జట్టుకు ఆడుతున్నారు. అంతే బాగా ఆడగలిగిన మరికొందరికి సెలక్షన్స్ ఎప్పుడు జరిగాయో కూడా తెలియలేదు.

జట్ల ఎంపిక, కోచింగ్, ఖర్చుల గురించి మాజీ క్రీడాకారులం కొందరం కలిసి వినతిపత్రం ఇచ్చాం. ఇన్‌వార్డులో ముద్ర వేసి తీసుకున్నారు. జవాబు రాలేదు. సమాచార హక్కు చట్టం కింద అడిగాం. చట్టం ఇచ్చిన 30 రోజులు దాటాక, కోరిన రూపంలో సమాచారం అందుబాటులో లేదంటూ ఒక్క వాక్యం పంపారు. మొదటి అప్పీలు వేసినా కదలిక లేదు. ఇక అందరి ముందూ అడగడం తప్ప దారి కనిపించలేదు.

విశ్వవిద్యాలయం పేరు రాయకపోవడానికి కారణం ఉంది. జట్టంటే పన్నెండు మందే. పేరు రాస్తే ఈ సంగతులు ఎవరు చెప్పారో ఇట్టే తెలిసిపోతుంది. ఆ పిల్లలు ఇంకా మీ దగ్గరే చదువుకోవాలి, మీ సంతకాలే తీసుకోవాలి. ఈ లేఖ ఎవరికో మీకు తెలుసు.

1. పన్నెండు పేర్ల జాబితా గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి.

పద్ధతి ప్రకారం అంతర్ కళాశాలల పోటీలు జరగాలి. అందులో బాగా ఆడినవాళ్లను ప్రాబబుల్స్‌గా తీసుకుని క్యాంపు పెట్టాలి. క్యాంపు చివర పన్నెండు మందిని తేల్చి, దక్షిణాది విశ్వవిద్యాలయాల మధ్య జరిగే సౌత్ జోన్ పోటీలకు పంపాలి. మన దగ్గర కొన్నేళ్లుగా ఆ పోటీలు తగ్గిపోయి ఒక పూట సెలక్షన్స్ మిగిలాయి. ఆ సర్క్యులర్ కూడా మండల కేంద్రాల్లోని కళాశాలలకు తేదీ దాటాక చేరుతోంది, లేదంటే ముందురోజు సాయంత్రం వాట్సాప్‌లో వస్తోంది. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) పోస్టు ఖాళీగా ఉన్న కళాశాలలో ఆ మెసేజ్ చూసేవాళ్లే ఉండరు. తెల్లారేసరికి బస్సెక్కి క్యాంపస్‌కు రాగలిగిన ఆడపిల్లలు ఎందరుంటారు? వచ్చినవాళ్లే జట్టు అవుతున్నారు. అది చాలదన్నట్టు, సెలక్షన్స్‌లో బంతి పట్టని పేర్లు ఒకటి రెండు చివర్లో జాబితాలో చేరుతున్నాయి. అవి ఎలా వచ్చాయని అడిగితే పైనుంచి చెప్పారంటారు. ఆ పైన ఎవరున్నారో ఏ కాగితం మీదా ఉండదు.

ఒక ఆటలో చోటు పోతే ఏమైందిలే అనుకునేవాళ్లకు ఒక విషయం చెప్పాలి. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి ఉద్యోగాల్లో నేరుగా భర్తీ చేసే వాటిలో ప్రతిభగల క్రీడాకారులకు 5 శాతం వరకు అవకాశం ఉంది. భారత విశ్వవిద్యాలయాల సంఘం, అంటే ఏఐయూ నడిపే అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో తన విశ్వవిద్యాలయం తరఫున ఆడినవాళ్లు అందుకు అర్హులు. దానికి పెట్టాల్సిన ధ్రువపత్రమే ఫారం-3. అది ఇవ్వాల్సింది విశ్వవిద్యాలయ క్రీడా విభాగమే. దేశానికి ఆడితే ఫారం-1, రాష్ట్రానికి ఆడితే ఫారం-2. పల్లెటూరి డిగ్రీ కాలేజీ పిల్లకు ఆ రెండూ చాలా దూరం. అందుబాటులో ఉండేది ఫారం-3 ఒక్కటే.

నా శిష్యురాలి తండ్రి ఆటో నడుపుతాడు. కూతురు జట్టుకు ఆడి వచ్చాక స్కూలుకు వచ్చి, ఫోన్‌లో ఆమె సర్టిఫికెట్ ఫోటో చూపించి, "మేడం, ఈ కాయితంతో ఉద్యోగం వస్తాదా?" అని అడిగాడు. గ్యారంటీ లేదు గానీ దరఖాస్తు పెట్టుకునే హక్కు వస్తుందని చెప్పాను. ఆయన ఆ ఫోటోను రెండు వేళ్లతో పెద్దది చేసి, కింద ఉన్న సంతకం వరకూ చదివాడు. అర్హత లేని ఒక్క పేరు జాబితాలోకి ఎక్కితే, ఇలాంటి ఇంటి పిల్ల ఒకరు బయట ఉండిపోతారు. ఏఐయూ పోటీలకు వయసు 25 దాటకూడదు. డిగ్రీ మూడేళ్లలో రెండేళ్లు ఇలా పోతే ఆ అవకాశం మళ్లీ రాదు.

2. పురుషుల, మహిళల జట్లు రెండింటికీ కోచ్ లేరు. కాగితం మీద ఉన్నారు.

పోటీలకు బయల్దేరే ముందు ఏదో ఒక విభాగం నుంచి ఒక అధ్యాపకుడినో అధ్యాపకురాలినో కోచ్‌గా, మేనేజర్‌గా రాసి పంపుతున్నారు. వాళ్లను తప్పుపట్టడం లేదు. సెలవు రోజులు వదులుకుని, పరాయి ఊళ్లో పిల్లల బాధ్యత మోసేవాళ్లు వాళ్లే. ఆట తెలియకపోవడం వాళ్ల నేరం కాదు.

నేను ఆడిన ఒక సౌత్ జోన్ మ్యాచ్ సంగతి చెబుతాను. ఎదుటి జట్టు రెండో క్వార్టర్ నుంచి ఫుల్ కోర్ట్ ప్రెస్ మొదలుపెట్టింది. మా రింగ్ కింద నుంచే ఇద్దరిద్దరు వచ్చి బంతి పట్టినవాళ్లను కమ్మేస్తున్నారు. ఎనిమిది సెకన్లలో బంతి సగం కోర్టు దాటాలి. ప్రెస్‌ను ఎలా ఛేదించాలో మాకు ఎవరూ నేర్పలేదు. పాస్ ఇస్తే మధ్యలో అందుకుంటున్నారు, డ్రిబుల్ చేస్తే సైడ్‌లైన్ మూలకు నెట్టేస్తున్నారు, విజిల్ మోగుతోంది, బంతి వాళ్లకు వెళ్తోంది. అలాంటప్పుడు టైమ్ అవుట్ తీసుకుని ఊపిరి పీల్చుకోవాలి, ఎవరు ఎక్కడ నిలబడాలో చెప్పించుకోవాలి. టైమ్ అవుట్ అడిగే హక్కు నిబంధనల ప్రకారం బెంచ్ మీద ఉన్న కోచ్‌ది. స్కోర్‌షీట్‌లో కోచ్‌గా పేరున్నది మాతో వచ్చిన లెక్చరర్ మేడం. చాలా మంచి మనిషి, రైల్లో మేం నిద్రపోతుంటే తాను మేలుకుని కూర్చున్నారు. మా కెప్టెన్ కోర్టులోంచి "మేడం, టైమ్ అవుట్!" అని అరుస్తుంటే, ఎవరిని అడగాలో తెలియక స్కోరర్ టేబుల్ వైపు ఒకసారి, మావైపు ఒకసారి చూస్తూ నిలబడిపోయారు. మొదటి సగంలో ఉన్న రెండు టైమ్ అవుట్లూ వాడకుండానే విరామం వచ్చేసింది. ఆ మ్యాచ్ అక్కడే పోయింది.

జోన్‌లో మొదటి రౌండ్లు నాకౌట్. ఓడితే ఆ రోజే తిరుగు ప్రయాణం. రాత్రంతా రైల్లో వెళ్లి, నలభై నిమిషాల ఆట ఆడి, మళ్లీ రైలెక్కడం. జోన్‌లో మొదటి నాలుగు స్థానాల్లో నిలిచిన జట్లకే ఆలిండియా పోటీలు, అక్కడా పైన నిలిచినవాళ్లకే 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్. తమిళనాడు, కేరళ, కర్ణాటక జట్లు మన జోన్‌లోనే ఉన్నాయి. వాళ్ల పిల్లలు ఏడాది పొడవునా కోచ్ ముందు ఆడి వస్తారు. మన పిల్లలు ఫార్మేషన్ అనే మాట మ్యాచ్ రోజున వింటారు.

పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ (ఎన్ఐఎస్) 1961 నుంచి కోచ్‌లను తయారు చేస్తోంది. అక్కడి డిప్లొమా చేసినవాళ్లు మన రాష్ట్రంలో కాంట్రాక్టు మీద, రోజుకూలీ లెక్కన కూడా పనిచేస్తున్నారు. ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది. మన పీడీల్లో ఇద్దరిని ఆన్ డ్యూటీ మీద ఆ కోర్సుకు పంపినా చాలా తేడా వస్తుంది. మనుషులు దొరకడం లేదన్న మాట నిలబడదు.

3. ఆడపిల్లల జట్టు సంగతి విడిగా చెప్పాల్సి ఉంది.

మహిళల బాస్కెట్‌బాల్‌కు 6వ నంబరు బంతి. పురుషులది 7వ నంబరు. చుట్టుకొలతలో మూడు నాలుగు సెంటీమీటర్లు పెద్దది, బరువు ఎక్కువ. మన స్టోర్‌లో అమ్మాయిలకు ఇచ్చేది 7వ నంబరు రబ్బరు బంతులే, అవీ అబ్బాయిలు వాడి వదిలేసినవి. నెలల తరబడి దాంతో షూటింగ్ చేసిన చెయ్యి, మ్యాచ్‌లో 6వ నంబరు కాంపోజిట్ బంతి పట్టుకోగానే లెక్క తప్పుతుంది. ఫ్రీ త్రో రింగ్ దాటి బోర్డుకు కొడుతుంది. బయటివాళ్లు చూసి మన పిల్లలకు ఆట రాదంటారు.

కోర్టు సిమెంటుది. దాని మీద మూడు పాయింట్ల గీత ఇప్పటికీ 6.25 మీటర్ల పాత కొలతలోనే ఉంది. అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య ఫిబా దాన్ని 2010లోనే 6.75 మీటర్లకు జరిపింది. ఆ తర్వాత డిగ్రీలో చేరిన ప్రతి బ్యాచ్ తప్పు గీత మీద ప్రాక్టీస్ చేసింది. దాన్ని సరిచేయడానికి కావాల్సింది ఒక టేపు, ఒక డబ్బా పెయింటు, ఒక మధ్యాహ్నం.

గాయాల గురించి ఇంత తేలిగ్గా చెప్పలేను. దూకి దిగడం, పరుగులో ఒక్కసారిగా దిశ మార్చడం ఎక్కువ ఉండే ఈ ఆటలో మోకాలి లోపలి ఏసీఎల్ లిగమెంట్ తెగే ప్రమాదం అబ్బాయిల కంటే అమ్మాయిలకు కొన్ని రెట్లు ఎక్కువ. సరైన వార్మప్, దిగే పద్ధతి నేర్పితే అది చాలావరకు తగ్గుతుంది. నేర్పడానికి కోచ్ కావాలి. మా తర్వాతి బ్యాచ్‌లో ఒకమ్మాయికి క్యాంపు మొదలైన వారంలోనే మోకాలు పోయింది. క్యాంపు ఉత్తర్వు అప్పటికి ఇంకా జారీ కాలేదట, అందుకని అది విశ్వవిద్యాలయం పని కిందికి రాదన్నారు. ఆపరేషన్‌కు ఆ ఇంటివాళ్లు వడ్డీకి తెచ్చారు. ఆ అమ్మాయి ఇప్పుడు మెట్లు ఎక్కేటప్పుడు రెయిలింగ్ పట్టుకుంటుంది. ఆ ఊళ్లో తర్వాత ఎవరూ తమ పిల్లను క్యాంపుకు పంపలేదు. నేను వెళ్లి అడిగితే, బాధ్యత ఎవరిదో రాసి ఇస్తే పంపుతామన్నారు. వాళ్లు అడిగినదాంట్లో తప్పేముంది?

4. డబ్బు.

అనుబంధ కళాశాలల్లో చేరే ప్రతి విద్యార్థి క్రీడా రుసుము కడుతున్నాడు. ఎప్పుడూ బంతి ముట్టనివాళ్లూ కడుతున్నారు. అందులో విశ్వవిద్యాలయం వాటా ఎంత, ఏడాదికి ఎంత వచ్చింది, ఏ ఆటకు ఎంత పోయింది అన్న లెక్క బయట ఎక్కడా కనిపించదు. మనిషికి వంద రూపాయలే అనుకుని, విద్యార్థులు ముప్పై వేల మందే అనుకుంటే ఏడాదికి 30 లక్షలవుతుంది. ఇది కేవలం అంచనా లెక్క. అసలు లెక్క మీ ఫైనాన్స్ విభాగంలో ఉంది. మేం అడిగింది అదే.

ఖర్చు వైపు చూస్తే మాకు కనిపించేవి ఇవి. రైల్వే 2020 మార్చిలో దివ్యాంగులు, రోగులు, విద్యార్థుల కేటగిరీలు తప్ప మిగతా రాయితీలు ఆపేసింది. అందులో క్రీడాకారుల రాయితీ కూడా పోయింది. టికెట్ భారం పెరిగింది, మన ప్రయాణ మంజూరు మాత్రం పెరగలేదు. ఫైలు ఆలస్యంగా కదలడం వల్ల రిజర్వేషన్ దొరక్క పిల్లలు జనరల్ బోగీలో నిలబడి వెళ్లిన సందర్భాలున్నాయి. ఆడపిల్లలు కూడా. రోజువారీ భత్యం, అంటే డీఏ ముందు చేతికి రాదు. ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బుతో తింటారు, లేనివాళ్లు పక్కవాళ్ల దగ్గర తీసుకుంటారు. కొందరికి ఆ డీఏ డిగ్రీ అయిపోయాక ఖాతాలో పడింది. సొంత డబ్బు పెట్టి జట్టును తీసుకెళ్లిన పీడీ సారుకు బిల్లుల మీద ఆడిట్ అభ్యంతరాలు వచ్చాయి, దాబాలో పద్నాలుగు మంది భోజనానికి సరైన రసీదు లేదని. మరుసటి ఏడాది ఆయన జట్టు వెంట రానన్నారు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల వల్ల డబ్బు ఇబ్బంది ఉందని అధికారులు అంటున్నారు. బకాయిల సంగతి మాకూ తెలుసు, కళాశాలలు ఎంత అవస్థ పడుతున్నాయో చూస్తున్నాం. కానీ క్రీడా రుసుము పేరుతో వసూలైన డబ్బు క్రీడలకే పోయిందా లేదా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు బకాయిల్లో దొరకదు. విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వచ్చినప్పుడు ఇచ్చే నివేదికలో విద్యార్థుల క్రీడా విజయాల పేజీ ఉంటుంది. ఆ పేజీలో మా ఫోటోలు వేస్తారు. మా ఖర్చుల పేజీ కూడా ఒకటి ఉండాలి కదా.

5. హాజరు, ఇంటర్నల్ పరీక్షలు. జట్టుతో వెళ్లిన పిల్లలకు ఓడీ (ఆన్ డ్యూటీ కింద హాజరు) ఇవ్వాలో వద్దో ఒక్కో కళాశాల ఒక్కో తీరుగా తేలుస్తోంది. ఇంటర్నల్స్ మళ్లీ రాయనివ్వమంటే ఉత్తర్వు చూపించమంటున్నారు. ఆ ఉత్తర్వు లేక, మార్కులు పోతాయన్న టెన్షన్‌తో ఫైనల్ ఇయర్ పిల్లలు జట్టు వదిలేస్తున్నారు. ఒక్క సర్క్యులర్‌తో తీరే సమస్య ఇది.

ఎలాగూ ప్రైవేటు విశ్వవిద్యాలయాలు ఫీజు మాఫీ చేసి, హాస్టల్ ఇచ్చి మంచి ఆటగాళ్లను తీసుకుపోతున్నాయి, మనం పెట్టినా గెలవలేం కదా అని ఒక అధికారి నాతో అన్నారు. పతకం తెమ్మని మేం మిమ్మల్ని అడగలేదు. ఫీజు మాఫీ దొరికే పిల్లలు అలాగే వెళ్తారు, వెళ్లాలి కూడా. వెళ్లలేని పిల్లల కోసమే ప్రభుత్వ విశ్వవిద్యాలయం ఉంది. బడిలో ఆట నేర్చుకుని, ఊరికి దగ్గర్లో ఉన్న కాలేజీలో చేరి, సాయంత్రం బస్సు పోతే ఇంటికి చేరలేని పిల్లకు మీ జట్టు తప్ప మరో జట్టు లేదు. మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమే 2024లో ప్రకటించిన కొత్త క్రీడా విధానంలో ఉద్యోగాల్లో క్రీడాకారుల వాటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. పై నుంచి దారి వెడల్పు చేస్తుంటే మన దగ్గర గేటు మూసి ఉంచడం ఏం న్యాయం?

మా డిమాండ్లు ఇవి.

1. ఈ సీజన్ సెలక్షన్స్ సర్క్యులర్ కనీసం మూడు వారాల ముందు ప్రతి అనుబంధ కళాశాలకు చేరాలి, విశ్వవిద్యాలయ వెబ్‌సైట్‌లో ఉండాలి. కళాశాల ప్రిన్సిపాల్ అందినట్టు సంతకం చేసి పంపాలి. అంతర్ కళాశాలల పోటీలను మళ్లీ పోటీలుగానే జరపాలి.

2. ప్రాబబుల్స్ జాబితా, చివరి పన్నెండు మంది, స్టాండ్‌బైలు, ఎంపిక చేసినవారి పేర్లు అదే రోజు నోటీసు బోర్డులో పెట్టాలి. తర్వాత ఎవరి పేరైనా మారితే కారణం రాసి, మార్చినవాళ్లు సంతకం చేయాలి. గత ఐదేళ్లలో ఎవరెవరికి ఫారం-3 ఇచ్చారో, వాళ్లు ఏ మ్యాచ్ స్కోర్‌షీట్‌లో ఉన్నారో సరిచూసేందుకు బయటివారితో ఒక కమిటీ వేయాలి. దీనిలో మాకు రాజీ లేదు. అర్హత ఉన్న పిల్లల ధ్రువపత్రాల మీద అనుమానం పడకుండా ఉండాలన్నా ఇది జరగాలి.

3. రెండు జట్లకూ ఎన్ఐఎస్ అర్హత ఉన్న కోచ్‌ను కనీసం ఏడాది కాంట్రాక్టు మీద తీసుకోవాలి. ఇద్దరికి వీలుకాకపోతే ముందు మహిళల జట్టుకు ఇవ్వండి. జట్టు వెంట వెళ్లే అధ్యాపకులు మేనేజర్లుగానే వెళ్లాలి, అమ్మాయిలతో మహిళా మేనేజర్ తప్పనిసరిగా ఉండాలి.

4. క్యాంపు మొదటి రోజు నుంచే ప్రతి ఆటగాడికీ, ఆటగత్తెకూ ప్రమాద బీమా ఉండాలి. ఉత్తర్వు ఆలస్యమైందన్న సాకుతో గాయం ఖర్చును ఇంటివాళ్ల మీదికి నెట్టకూడదు. ఇప్పటికే గాయపడినవారి వైద్య ఖర్చులు తిరిగి చెల్లించాలి.

5. క్రీడా రుసుము వసూలు, ఖర్చు వివరాలను గత మూడేళ్లవి వెబ్‌సైట్‌లో పెట్టాలి. బడ్జెట్ కేటాయింపులను ఎవరూ అడగకుండానే ప్రకటించాలని సమాచార హక్కు చట్టం సెక్షన్ 4 చెబుతోంది.

6. ప్రయాణ ఖర్చు, డీఏ బయల్దేరే ముందే పిల్లల ఖాతాల్లో పడాలి. ఓడీ, ఇంటర్నల్స్ మీద అన్ని కళాశాలలకూ వర్తించే ఉత్తర్వు ఇవ్వాలి. 6వ నంబరు బంతులు కొనాలి, గీత మార్చాలి. చివరి రెండూ ఈ వారంలోనే చేయవచ్చు.

వీటిని వచ్చే పాలక మండలి సమావేశం అజెండాలో చేర్చి, తీసుకున్న నిర్ణయాన్ని లిఖితపూర్వకంగా తెలపాలని కోరుతున్నాం. సమావేశానికి పిలిస్తే మాజీ క్రీడాకారులం కాగితాలతో వస్తాం. సమావేశం ముగిసేలోగా జవాబు రాకపోతే రాష్ట్ర సమాచార కమిషన్‌లో రెండో అప్పీలు వేస్తాం, ఫారం-3 జాబితాల మీద విచారణ కోరుతూ చాన్సలర్ హోదాలో ఉన్న గవర్నర్ గారికి ఫిర్యాదు చేస్తాం. రెండు అర్జీలూ రాసి ఉంచాం.

ఇట్లు,
విశ్వవిద్యాలయ మహిళల బాస్కెట్‌బాల్ జట్టు మాజీ సభ్యురాలు,
మాజీ క్రీడాకారుల తరఫున